నాలుగో ముద్రణ

ఆ అచ్చాఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషిని అందరూ పొల్లు మాస్టారనే పిలిచేవారు. నెత్తి మీద పొల్లు ఎగిరిపోయిన అక్షరం ఎక్కడున్నా ఆయన కంటికి ముల్లులా గుచ్చుకునేది. పొల్లంటే తాలుగింజ అనే అర్థం కూడా ఉందని ఎరిగినవాళ్ళు వెనక నవ్వుకునేవారు గానీ, ఎదుట అనే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

ఆయన ఉద్యోగంలో చేరిన మొదటి వారం చేతికొచ్చిన పుస్తకం పేరు 'గాలము, మెళకువలు'. ఒక రైల్వే గార్డు రాసినది. బండి ఆగిన ప్రతి ఊళ్ళోనూ ఏటిలోనో చెరువులోనో గాలం వేసిన మనిషి, ఏ చేపకి ఏ ఎర, ఏ నీటికి ఎంత దారం అని విడమరిచి చెప్పాడు. అప్పటికది ఆరో ముద్రణ. నలభై ఒకటో పుటలో 'బిగించే ముందు ముడిని బాగా తడమాలి' అని ఉంది. ముడిని తడమడమేమిటి? తడపాలి అయ్యుంటుందేమో అనిపించి కుర్ర ప్రూఫురీడరు మేనేజరు దగ్గరకి వెళ్ళాడు.

"వెనకటి దాంట్లో ఎలా ఉందో అలాగే పోనీవయ్యా," అన్నాడు మేనేజరు. "తడిపినా తడిమినా చేపకి తెలుస్తుందా ఏంటి?"

అలాగే పోనిచ్చాడు. కానీ ఆ 'మ' ఆయన పంటి కింద రాయిలా ఉండిపోయింది. రిటైరైన మర్నాడే పాత పుస్తకాల దుకాణాల మీద పడ్డాడు. మొదట ఆ తప్పు ఎప్పుడు పుట్టిందో తెలుసుకుందామనుకున్నాడు. తీగ లాగితే డొంకంతా కదిలింది. ఎన్ని ముద్రణలు, ఎవరు వేశారు, హక్కులు గార్డు చేతి నుంచి స్టేషనరీ కొట్టతనికి ఎప్పుడు వెళ్ళాయి, అతని దగ్గర్నుంచి ఇంకొకాయనకి ఎలా చేరాయి? ఏడాది వేయని ఐదో ముద్రణకి వెనక అట్ట మీది గొడుగుల ప్రకటన చూసి వయసు కట్టాడు. ఆ కంపెనీ ఫోను నంబరులో అప్పటికే ఐదంకెలున్నాయి. ఊళ్ళో నాలుగంకెల నంబర్లు పోయిన ఏడాది ఏదో, టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసిన ఆయన భార్యకి కంఠతా వచ్చు. తెలిసిన ప్రతి ముక్కా ఒక కార్డు మీదికెక్కేది. కార్డులన్నీ చెప్పుల పెట్టెల్లోకి చేరేవి.

తొమ్మిదేళ్ళలో పదకొండు పెట్టెలు నిండాయి. రెండో ముద్రణ, మూడోది, ఐదోది, ఆరోది దొరికాయి. మూడోదాంట్లో 'తడపాలి' అనే ఉంది. ఐదోదాంట్లో 'తడమాలి' అయింది. అంటే పాపం నాలుగోదానిది. ఆ నాలుగోదీ, మొదటిదీ మాత్రం ఆయన కంటపడలేదు.

ఇక ఆయన తోడల్లుడి సంగతి చెప్పాలి.

భార్య చెల్లెలి భర్త మందుల కంపెనీలో సేల్స్ పని చేసి రిటైరయ్యాడు. ఇరవై ఊళ్ళ డాక్టర్ల పిల్లల పుట్టినరోజులు నోటికి చెప్పగలడు. గుమ్మంలో అడుగుపెడితే ఇల్లంతా లేచి కూచునేది. అత్తగారికి చిన్నల్లుడంటే ప్రాణం. పెద్దల్లుడంటే గౌరవం. ఈ రెంటిలో ఏది తక్కువో పొల్లు మాస్టారికి ఎవరూ విప్పిచెప్పక్కర్లేదు. తాను నోరు తెరిస్తే జనం గడియారం చూసుకుంటారు. అతను తెరిస్తే కుర్చీ దగ్గరకి లాక్కుంటారు. ఒకసారి అందరూ భోజనాలు చేస్తున్నప్పుడు గాలం పుస్తకం ముద్రణల గురించి చెప్పబోతే మరదలు లేచి మజ్జిగ తేవడానికి వెళ్ళిపోయింది. అత్తగారికి కునుకు పట్టింది. "తర్వాత ఏమైందన్నయ్యా?" అని అడిగినవాడు తోడల్లుడొక్కడే. వాడు అడగడం చేతే చెప్పబుద్ధి కాక, "ఏముంది, అంతే" అని ముగించాడాయన.

రిటైరయ్యాక తోడల్లుడు చేపలు పట్టడం మొదలెట్టాడు. ఊరి బయట జలాశయం గట్టున కూచునేవాడు. ఒక ఆదివారం అత్తగారింట్లో అందరూ ఉండగా న్యూస్‌పేపర్లో చుట్టిన పొట్లం ఒకటి తెచ్చి పొల్లు మాస్టారి ఒళ్ళో పెట్టాడు.

"విప్పండన్నయ్యా. ఏముందో చెప్పుకోండి చూద్దాం."

విప్పితే 'గాలము, మెళకువలు'. ముందు అట్టా, మొదటి ఆకులూ లేవు. వెనక అట్ట నిండా సూదిబెజ్జాలు.

"గాలాల కొట్టతను ఈ అట్టకి గాలాలు గుచ్చి పెట్టుకున్నాడు," అన్నాడు తోడల్లుడు ముఖమంతా వెలిగిపోతూ. "అడిగితే తీసుకుపొమ్మన్నాడు. గార్డు ముందుమాట కింద తారీకు చూడండి. మొదటిది రాసిన ఏడాదే! మీరు వెతికేది ఇదే కదూ?"

పొల్లు మాస్టారు ఆకు తిప్పబోయాడు. అప్పుడే అత్తగారు నవ్వింది. ఆవిడ మనసులో ఏమీ లేదు, నవ్వొచ్చి నవ్వింది.

"చూశారా, పెద్దల్లుడుగారు తొమ్మిదేళ్ళు తిరిగారు. మావాడు చేపలకెళ్ళి పట్టుకొచ్చేశాడు."

అందరూ నవ్వారు. ఆయన భార్య కూడా నవ్వింది. పొల్లు మాస్టారు ఆకు తిప్పకుండానే పుస్తకం మూసి తిరిగి తోడల్లుడి చేతిలో పెట్టాడు.

"బాగుంది. జాగ్రత్తగా ఉంచుకో."

"మీకోసమే తెచ్చానన్నయ్యా."

"నాకెందుకు? దొరికింది నీకు."

ఇంటికొచ్చాక ఆ పూట ఒక్క కార్డూ ముట్టలేదు. వాడికి పుస్తకం దొరికినందుకు కాదు బాధ. వాడు వెతకలేదు. వెతకనివాడికి దొరకడం కన్నా పెద్ద అన్యాయం ఆయనకి తోచలేదు. పైగా వాడు గాలాలు కొనడానికి వెళ్ళాడు. చేపల పుస్తకం కోసం తొమ్మిదేళ్ళు పుస్తకాల దుకాణాలే తిరిగిన తనకి, గాలాల కొట్టుకి వెళ్ళాలని ఒక్కనాడు తట్టకపోవడమే ఆయన్ని ఎక్కువగా తొలిచేసింది.

గ్రంథాలయ సంఘంవాళ్ళ పత్రిక ఒకటి మూడు నెలలకోసారి వస్తుంది. దాని ఎడిటరు పొల్లు మాస్టారి వ్యాసం రెండుసార్లు తిప్పి పంపాడు, నలభై పేజీలు మరీ ఎక్కువని. అదే ఎడిటరు తోడల్లుడి మాటలు విని, నాలుగు పేజీలు రాసివ్వమని తానే అడిగాడు. ఆ పత్రిక ప్రూఫులు చూసేది పొల్లు మాస్టారే. కాబట్టి వారం తిరక్కుండా, 'దొరికిన తొలి ముద్రణ' అనే వ్యాసం, ఉదాహరించిన వాక్యాలు సరిచూడ్డానికి అసలు పుస్తకంతో సహా ఆయన బల్ల మీదికి వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటన్నమాట.

తలుపు దగ్గరగా వేసుకుని కూచున్నాడు. వ్యాసం చదివాడు. బాగుంది. అదొక మంట. గాలాల కొట్టూ, బెజ్జాలు పడ్డ అట్టా, గార్డూ అతని లాంతరూ, అన్నీ కళ్ళకి కట్టినట్టున్నాయి. తాను నలభై పేజీల్లో చెప్పలేని సంగతి వాడు నాలుగింట్లో చెప్పేశాడు. ఉసూరుమంటూ పుస్తకం అందుకుని నలభై ఒకటో పుట తీశాడు.

'బిగించే ముందు ముడిని బాగా తడమాలి.'

రెండుసార్లు చదివాడు. భూతద్దం పెట్టి చూశాడు. 'మ'నే. మూడోదాంట్లో కూడా లేని తప్పు మొదటిదాంట్లో ఎక్కడినుంచి వస్తుంది? కాగితం వెలుగుకి పెట్టి చూశాడు, అచ్చు కొలతలు తీశాడు, వెనక ప్రకటనలు చూశాడు. అనుమానం లేదు. ఇది నాలుగో ముద్రణ. గార్డు పాత ముందుమాటని ప్రతి ముద్రణలోనూ వేసేవారు. దాని ముందుండే 'నాలుగో ముద్రణకు మాట' పోయిన ఆకుల్లో పోయింది. వాడు ముందుమాట కింది తారీకునే పట్టుకుని వేలాడాడు.

ఎంత హాయి! పదిహేను రోజులుగా గుండెల మీదున్న బండ ఒక్కసారిగా దొర్లిపోయింది. లేచి గదిలో రెండు సార్లు అటూ ఇటూ తిరిగాడు. కిటికీ తెరిచాడు. ఎడిటరుకి ఫోను చేద్దామని చెయ్యి చాచి, ఆగిపోయాడు.

చెబితే ఏమవుతుంది? వాడు నవ్వి, "అయ్యో అన్నయ్యా, నాకేం తెలుసు" అంటాడు. అందరూ వాడితో కలిసి నవ్వుతారు. అచ్చయ్యాక బయటపడితే? అప్పుడు ఎవరు నవ్వుతారో!

ఆయన కలం తీశాడు. పద్దెనిమిది కామాలు సర్దాడు. మూడు దీర్ఘాలు తీశాడు, ఒక వత్తు పెట్టాడు. శీర్షికలో 'తొలి' అన్న మాటని కలం మొనతో తాకి, అక్కణ్ణించి కిందికి జారిపోయాడు. అలవాటు మాత్రం ఊరుకోనివ్వలేదు. ఒక కార్డు తీసి, 'నాలుగో ముద్రణ. దొరికింది. పుట 41: తడమాలి' అని రాసి, తారీకు వేసి ఏడో పెట్టెలో పెట్టాడు.

పత్రిక వచ్చింది. వ్యాసం చివరి వాక్యం ఆయన ప్రూఫులో చూసినప్పుడు లేదు; తర్వాత కలిపినట్టున్నారు. 'ఈ పుస్తకం గురించి ఎవరికన్నా ఎక్కువ తెలిసిన మా అన్నయ్యగారు ప్రతి అక్షరమూ చూసిపెట్టారు, వారికి కృతజ్ఞతలు.'

ఇక రేపు తప్పు బయటపడితే ఇద్దరి ముఖాన పడుతుంది.

కానీ ఏదీ బయటపడలేదు. పట్టుకోగలిగినవాడు పొల్లు మాస్టారొక్కడే, ఆయన నోరు కుట్టుకుని కూచున్నాడు. గ్రంథాలయంలో సభ పెట్టారు. పుస్తకాన్ని గాజు పెట్టెలో ఉంచి, పక్కన 'తొలి ముద్రణ' అని కార్డు పెట్టారు. లైబ్రేరియన్ కేటలాగులో ఎక్కించేసింది. అలాంటి తప్పుడు కార్డుల్ని ఏరిపారెయ్యడానికే కదా ఆయన తొమ్మిదేళ్ళు ధారపోసింది! తోడల్లుడు వేదికెక్కి అరగంట మాట్లాడాడు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. మాటకి ముందొకసారి, వెనకొకసారి "మా అన్నయ్య లేకపోతే" అన్నాడు. మొదటి వరసలో పొల్లు మాస్టారు తేలు కుట్టిన దొంగలా కూచున్నాడు. వాణ్ణి గోతిలోకి తోశాననుకున్నాడు. వాడేమో గట్టు మీద నిలబడి దండం పెడుతున్నాడు.

ఆ తర్వాత ఇంకో రెండు ఊళ్ళ నుంచి పిలుపులొచ్చాయి వాడికి. వాడి ఫోటో పేపర్లో పడింది. అత్తగారు దాన్ని కత్తిరించి అద్దం అంచుకి దోపుకుంది. పొల్లు మాస్టారికి కోపం కూడా తిన్నగా రావడం లేదు. తప్పు రాసి కూడా పేరు తెచ్చుకునే అదృష్టం వీడికెందుకివ్వాలి? ఒప్పు తెలిసినవాడు దొంగలా ఎందుకు తిరగాలి?

నెల రోజుల తర్వాత ఆయన భార్య అలమార సర్దుతూ ఏడో పెట్టె కింద పడేసింది. కార్డులు ఏరుతూ ఒకటి చదివింది. టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఇరవై ఆరేళ్ళు ఊరి మాటలన్నీ కలిపిన మనిషి. ఎవరు ఎక్కడ ఏ మాట మింగారో ఇట్టే తెలిసిపోతుంది ఆవిడకి. కార్డు పట్టుకుని వచ్చి ఆయన ఎదుట నిలబడింది.

"ఈ తారీకేమిటండీ?"

ఆయన చూసి తల దించుకున్నాడు.

"పత్రిక రావడానికి ముందుదే కదా?"

"ఆఁ."

"తెలిసీ ఊరుకున్నారా?"

ఆయన కార్డు కోసం చెయ్యి చాచాడు. ఆవిడ ఇవ్వలేదు.

"సభకి నేను కొత్త చీర కట్టుకుని వచ్చాను," అందావిడ. "నా చెల్లెలు పక్కన కూచుని మురిసిపోయింది. అతను మీకేం చేశాడండీ?"

"ఏమీ చెయ్యలేదు. అదే."

ఆవిడ కార్డు ఆయన ఒళ్ళో పెట్టింది. "నలభై ఏళ్ళుగా మీ పక్కన ఉన్నాను. ఒక్కసారైనా, నా దగ్గర లేనిది వాడి దగ్గర ఏముంది అని నన్నడిగుంటే చెప్పేదాన్ని."

"ఏముంది?"

"ఇప్పుడు చెప్పను. ముందు వెళ్ళి అతనితో చెప్పి రండి."

జలాశయం గట్టున ఎండ వాలుతోంది. తోడల్లుడు మడతకుర్చీలో కూచుని నీటి మీది బెండు వంక చూస్తున్నాడు. అన్నయ్యని చూడగానే లేచి కుర్చీ ఇచ్చి, తాను గట్టు మీద కూచున్నాడు. ఆ కుర్చీలో కూచుని చెప్పడం పొల్లు మాస్టారికి నిలబడి చెప్పడం కన్నా కష్టమైంది. అయినా చెప్పాడు. ముడి గురించి, 'మ' గురించి, మూడోదానికీ ఐదోదానికీ నడుమ ఖాళీ గురించి. తోడల్లుడు బెండు వంక చూడటం మాని ఆయన వైపు తిరిగాడు.

"ఎప్పుడు తెలిసింది మీకు?" అన్నాడు.

"ప్రూఫు చూసినప్పుడే."

"సభలో మొదటి వరసలో కూచున్నారు కదూ?"

"కూచున్నాను."

"చప్పట్లు కూడా కొట్టారు."

"కొట్టాను."

తోడల్లుడు దారం చుట్టేశాడు. ఎర తీసి నీళ్ళలో పారేశాడు. చేతులు తువ్వాలుతో తుడుచుకుని, "మీరు వెళ్ళండన్నయ్యా," అన్నాడు. "ఇవాళ మీతో మాట్లాడలేను."

రెండు ఆదివారాలు తోడల్లుడు అత్తగారింటికి రాలేదు. అతను లేని భోజనంలో గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. పొల్లు మాస్టారు ఎన్నేళ్ళుగానో కోరుకున్నదే అది. సగం భోజనంలోనే లేచి చెయ్యి కడుక్కున్నాడు.

తర్వాత సంచిక ప్రూఫులొచ్చాయి. అందులో తోడల్లుడి ఉత్తరం ఉంది. 'నేను తొలి ముద్రణ అనుకున్నది నాలుగోది. గుర్తించినవారు మా అన్నయ్యగారు. ఆయన ప్రూఫులోనే గుర్తు పెట్టి పంపారు. తొందరలో నేనే చూసుకోలేదు. తప్పు పూర్తిగా నాది.'

పొల్లు మాస్టారు కలం మూత తీశాడు. వాడు అబద్ధమాడాడు. తన కోసం ఆడాడు. కృతజ్ఞత కలగాల్సిన చోట మళ్ళీ అదే మంట లేచింది. మంచితనంలోనూ వాడే పైనా? రేపు ఊరంతా, తప్పు ఒప్పుకున్న పెద్దమనిషి అని వాణ్ణే మెచ్చుకుంటుంది. తాను వాడి దయ కప్పుకుని తిరగాలి. ఆ క్షణంలో ఆయన్ని నడిపించింది న్యాయమని చెబితే అబద్ధమవుతుంది. సగం న్యాయం, సగం ఓర్వలేనితనం. 'ఆయన ప్రూఫులోనే' నుంచి చివరి దాకా కొట్టేసి, మార్జిన్లో తన గుండ్రటి అక్షరాలతో రాశాడు: 'ప్రూఫు చూసినప్పుడే నాకు తెలుసు. అసూయకొద్దీ దిద్దలేదు. తప్పు నాది.' కింద సంతకం పెట్టాడు.

ఎడిటరు ఫోను చేశాడు. "మాస్టారూ, ఇది నిజంగా వెయ్యమంటారా?"

"వెయ్యండి. ఒక్క అక్షరం మార్చొద్దు."

"వేస్తే ఇక మీకు ప్రూఫులు పంపడం... సంఘంవాళ్ళు ఒప్పుకోరేమో."

"ఒప్పుకోకూడదు కూడా."

వేశారు. ప్రూఫులు రావడం ఆగిపోయింది. అత్తగారికి ఎవరో చదివి వినిపించారు. ఆవిడ పెద్దకూతుర్ని పిలిచి, "ఆ రోజు నేను నవ్వకుండా ఉండాల్సిందే," అని ఒక్కమాట అందట. భార్య ఆ మాట తెచ్చి చెప్పినప్పుడు పొల్లు మాస్టారు చాలాసేపు కార్డులు సర్దినట్టు నటించాడు.

ఇంకో నెల గడిచాక ఒక ఉదయం తోడల్లుడు గుమ్మంలో నిలబడ్డాడు. ఎప్పటిలా వంటింటిదాకా చొరవగా రాలేదు. చేతిలో ఉత్తరం ఉంది.

"ఇది నాకొచ్చింది గానీ, మీకు రావాల్సింది," అన్నాడు. "గార్డు మనవరాలట. పళ్ళ డాక్టరు. పత్రికలో మన భాగోతం చదివింది. మొదటి ముద్రణ వాళ్ళింట్లో ఉందట."

పొల్లు మాస్టారు ఉత్తరం తీసుకోలేదు. "నువ్వు వెళ్ళి చూసి రా."

"నాకేం తెలుస్తుందన్నయ్యా? ఇంకో నాలుగోది పట్టుకొచ్చి మొదటిదంటాను." నవ్వలేదు. ఉత్తరం ఆయన చేతిలో పెట్టి అన్నాడు: "మీ మీద కోపం పోలేదు. అది వేరు. బస్సు పదింటికి."

మూడు గంటల ప్రయాణంలో ఇద్దరూ కలిసి పది మాటలు కూడా ఆడలేదు. పళ్ళ డాక్టరు ఇంటి ముందుభాగమే ఆసుపత్రి. ఆవిడ వాళ్ళని వెనక గదిలోకి తీసుకెళ్ళి, బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి, దాని మీద పుస్తకం పెట్టింది. పొల్లు మాస్టారు చేతులు కడుక్కుని వచ్చాడు. తోడల్లుడు గుమ్మంలోనే ఆగి, "మీరు చూస్తూ ఉండండి, నేను బయట ఉంటాను," అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

సన్నటి పుస్తకం. ముప్ఫై రెండే పేజీలు. ముందు అట్టా ఉంది, ముద్రాపకుడి చిరునామా ఉంది, ఏడాదీ ఉంది. నలభై ఒకటో పుటే లేదు. ముడుల అధ్యాయం గార్డు తర్వాతెప్పుడో కలిపినట్టున్నాడు. పొల్లు మాస్టారు స్కేలుతో కొలిచాడు, కార్డు మీద రాశాడు, మళ్ళీ కొలిచాడు. తొమ్మిదేళ్ళు కలలోకొచ్చిన పుస్తకం చేతిలో ఉంది. ఇంతకన్నా కావలసిందేమీ లేదు.

అవతలి గదిలోంచి నవ్వులు వినపడ్డాయి. తోడల్లుడు ఏదో చెబుతున్నాడు, డాక్టరమ్మా, ఆవిడ దగ్గర పనిచేసే నర్సూ పడీ పడీ నవ్వుతున్నారు. పొల్లు మాస్టారి స్కేలు గీత మీద ఆగిపోయింది. మొదటి ముద్రణ ముందు పెట్టుకుని కూడా ఆయన చెవులు అటే ఉన్నాయి. ఏం చెబుతున్నాడో! తనకి ఎందుకు చెప్పడు? అంత నవ్వు తన గదిలోకి ఎందుకు రాదు?

తానెప్పుడైనా అడిగాడా?

లేచి తలుపు తెరిచాడు. ముగ్గురూ మాటలాపి ఆయన వంక చూశారు. నర్సు గబగబా కుర్చీ జరిపింది.

"అయిపోయిందా అన్నయ్యా?" అన్నాడు తోడల్లుడు.

"ఇంకా సగం ఉంది," అన్నాడు పొల్లు మాస్టారు కుర్చీలో కూచుంటూ. "నువ్వు చెప్పేది ముందు నుంచి మొదలుపెట్టు."

తోడల్లుడు ఒక్క క్షణం ఆయన ముఖం వంక అనుమానంగా చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, కాస్త జాగ్రత్తగానే మొదలుపెట్టాడు.